కుంటుతూ దిగిన కొండ

ఆగస్టు పేజీ

ఆ కొండ మా ఆయన మురళికి ఆఫీసు గోడ మీద దొరికింది. ఓడల యార్డులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ వాళ్లది, సింగపూర్‌లోని తువాస్‌లో. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నుంచి క్లయింట్లు ఏటా ఒక క్యాలెండర్ పంపేవారు. ఆ ఏడు ఆగస్టు పేజీలో మౌంట్ కీన్ అనే కొండ ఉంది. దాని మీద ఇల్లు గానీ గుడి గానీ లేదు. అడుగు నుంచి నెత్తి దాకా వంకాయ పువ్వు రంగు కప్పుకుని ఒంటరిగా కూర్చుంది.

రెండువేల సంవత్సరం గండం గడిచి, ఏ కంప్యూటరూ ఆగిపోలేదని తేలిన తర్వాతి రోజులవి. మా బ్లాకులోకి నెలకో కొత్త తెలుగు జంట దిగేది. శని, ఆదివారాల్లో ఎవరింట్లో కలిసినా ఎవరు ఏ దేశం చూసొచ్చారన్నదే మాట. స్విట్జర్లాండ్ అందరూ వెళ్లేశారు. మురళికి ఎవరూ వెళ్లనిది కావాలి.

"సగం దూరం సైకిల్ మీద, సగం నడక. మనవాళ్లలో ఒక్కడు కూడా చేసుండడు వసూ" అన్నాడు.

"మీరెక్కుతారా?" అన్నాను.

"నా సంగతి వదిలెయ్. నువ్వెక్కాలిగా."

నాకు అప్పటికి సైకిల్ తొక్కడం రాదు. ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ మా అన్నది. దాని మీద చెయ్యేస్తే మా నాయన కేకలేసేవాడు.

యూ టీలో సాధన

మా అమ్మాయి నిఖిల చిన్న సైకిల్ మీద, మేముండే యూ టీ పేటలో మా బ్లాకు కింద ఖాళీ జాగాలో నేర్చుకున్నాను. ఎదురు ఫ్లాట్ రోహానా అక్క సీటు వెనక పట్టుకుని పరిగెత్తేది. "జలాన్! జలాన్!" అని అరిచేది. మలయ్‌లో నడువు, పద అని. పావడాలు కట్టే వయసులో నేర్చుకోవాల్సింది నడివయసులో నేర్చుకుంటే మోచేతులు చీరుకుంటాయి. చీరుకున్నాయి. కానీ ఒకరోజు రోహానా అక్క కేక వెనకెక్కడో దూరంగా వినిపించింది. ఆమె ఎప్పుడో వదిలేసిందని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ నావే. తెల్లవారుతూనే లిమ్ చూ కాంగ్ వైపు పోయేదాన్ని. రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా శ్మశానాలు, అవి దాటితే తోటలు. చచ్చినవాళ్లు హారన్ కొట్టరు కాబట్టి కొత్తగా నేర్చుకున్నవాళ్లకు అంతకంటే మంచి రోడ్డు లేదు. ఎండ ముదిరేలోగా బుకిట్ తిమా గుట్టకు వెళ్లి, సంచిలో నీళ్ల సీసాలు బరువుకోసం పెట్టుకుని, మెట్లెక్కి దిగి మళ్లీ ఎక్కేదాన్ని. సింగపూర్ మొత్తానికి అదే ఎత్తు. మా కడప జిల్లాలో దానికి పేరు కూడా పెట్టరు.

మురళి మొదటి రెండు ఆదివారాలు వచ్చాడు. తర్వాత ఆఫీసులో రిలీజ్ ఉందన్నాడు. ఆ తర్వాత నడుం పట్టిందన్నాడు. ఆ తర్వాత నేను లేపడం మానేశాను. దానికి బదులు ఆయన సామాను కొన్నాడు. గాలి దూరని కోటు, మడమ జారని బూట్లు, మణికట్టుకు పెట్టుకుంటే ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పే గడియారం. మా ఫ్లాటు పన్నెండో అంతస్తులో ఉంది. లిఫ్టులో ఎక్కుతూ ఆ గడియారం అంకెలు పెరగడం నిఖిలకు చూపించి మురిసిపోయేవాడు.

నిఖిలను సెరంగూన్‌లో పద్మ వాళ్లింట్లో వదిలాం. పద్మ భర్త సుధాకర్, మురళి ఇంజనీరింగులో రూమ్మేట్లు. బడి మానకుండా వాళ్ల పాపతో పాటే వెళ్లొస్తుందని ఏర్పాటు.

అబర్డీన్

ఊరంతా బూడిద రంగు రాయి. వాన పడితే ఆ రాయి వెండిలా మెరుస్తుంది. అక్కడ ఎప్పుడూ వాన పడుతుంది కాబట్టి ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది. అక్కడ ఒక కప్పు టీకి ఇచ్చే డబ్బుతో మా బ్లాకు కింద హాకర్ సెంటర్ కొట్లలో కడుపునిండా భోజనం వస్తుంది. పైగా ఆ టీలో పాలు మనమే పోసుకోవాలి. రౌవీ అని బల్లపరుపుగా, ఉప్పగా ఉండే రొట్టె ఒకటి తిన్నాను. పొరలు పొరలుగా మన ఉప్పు కాజాలా ఉంది. మర్నాడు ఇంకో రెండు కొన్నాను. అందులో పంది కొవ్వు వేస్తారని మూడో నాడు ఎవరో చెప్పారు. అప్పటికి అరిగిపోయింది కూడా. ఎవరికీ చెప్పొద్దని మురళి అన్నాడు. ఇప్పుడు చెబుతున్నాను.

నాకు ఆ ఊళ్లో నచ్చింది బస్సు దిగే పద్ధతి. దిగే ప్రతి మనిషీ, ముసలివాళ్లూ కుర్రవాళ్లూ, డ్రైవర్ వైపు తిరిగి థాంక్స్ చెప్పి దిగుతారు. మా సింగపూర్‌లో బస్సు దిగితే కార్డు కీచుమనడమే మర్యాద. హోటల్లో బల్ల పట్టుకోవాలంటే మేము ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తాం, అంటే ఆ చోటు మాదని గుర్తు. దాన్నెవరూ ముట్టుకోరు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అక్కడ ఒకామె తన సంచి నా పక్క కుర్చీలో పెట్టి, "కాస్త చూస్తూ ఉంటావా అమ్మా?" అని అడిగి వెళ్లిపోయింది. ముక్కూమొహం తెలియని నన్ను.

మోరాగ్ ఇల్లు

డీ నది ఒడ్డున అబోయిన్ అనే చిన్న ఊళ్లో, మోరాగ్ అనే ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాం. భారీ మనిషి, ఒక చెవిలో వినికిడి యంత్రం. పొద్దున్నే ఓట్స్ గంజి పెట్టి, "చక్కెరా, ఉప్పా?" అని అడిగింది. మురళి చక్కెర అన్నాడు. నేను ఉప్పు అన్నాను. మోరాగ్ ముఖం వెలిగిపోయింది. ఉప్పేసుకునేవాళ్లే అసలు మనుషులని అక్కడి లెక్కట. సంకటి తిని పెరిగినదానికి ఇదేం కొత్త? నా సీసాలోని ఆవకాయ కాస్త వేస్తే ఆమె స్పూను నిండా నోట్లో పెట్టుకుంది. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. మర్నాడు మళ్లీ అడిగి వేయించుకుంది.

కొండకు రెండు దారులున్నాయని ఆమే చెప్పింది. దక్షిణాన ఎస్క్ లోయ వైపు నుంచి నడిచి ఎక్కే దారి ఒకటి. ఉత్తరాన ఇటు నుంచి, గ్లెన్ టనార్ పైన్ అడవిలోంచి కొండ పాదం దాకా సైకిల్ పోయే మట్టి బాట ఒకటి. అక్కడ సైకిళ్లు వదిలి పైకి నడవాలి.

"పైన ఏముంటుంది?" అని అడిగాను. మన కొండల మీద దేవుడుంటాడు. ఎందుకెక్కావని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఉంటుంది.

"రాళ్ల కుప్ప" అంది మోరాగ్. "నేను ఆరేడుసార్లు చూశాను. ప్రతిసారీ బాగుంది."

సైకిళ్లు అద్దెకిచ్చే అతను నా సీటు సరిచేస్తూ, "బాగా తొక్కుతారా?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోగా మురళి, "ఆమె కొత్త" అన్నాడు. అబద్ధమేం కాదు. అప్పుడు పట్టించుకోలేదు.

పైన్ అడవి

అడవి దారి చల్లగా, మెత్తగా ఉంది. ఎర్రటి బెరడున్న పాత పైన్ చెట్లు, పక్కనే రాళ్ల మీద చప్పుడు చేసుకుంటూ ఏరు. సింగపూర్ ఉక్కలో తొక్కినవాళ్లకు ఆ చలిలో తొక్కడం పనే కాదు, వీపు తడవదు. నేను పాట కూడా అందుకున్నాను. వెనక్కి చూస్తే మురళి లేడు. ఆగాను. ఎత్తు ఎక్కలేక దిగి సైకిల్ తోసుకుంటూ వచ్చాడు.

"గేర్లు పనిచెయ్యట్లేదే. దొంగ సైకిల్ అంటగట్టాడు."

"నాది తీసుకోండి."

మార్చుకున్నాం. ఆయన సైకిల్‌కు ఏమీ కాలేదు. సీటు ఎత్తు, అంతే. కాళ్లు సాగదీసి తొక్కాను. ఆయన నా సైకిల్ కూడా తోసుకుంటూనే వచ్చాడు. ఈసారి గొలుసు బిగుసుకుపోయిందట.

అడవి అయిపోయిన చోట సైకిల్ ఆపేశాను. లోయకు రెండువైపులా ఊదా రంగు, కనుచూపు మేర. ఎదురుగా క్యాలెండర్లోని కొండ, క్యాలెండర్లో కంటే పెద్దది. దిగి పూలు చూశాను. హెదర్ అంటే ఏదో గొప్ప చెట్టనుకున్నాను. మోకాలెత్తు గుబురు పొద, పుల్లలు తీగల్లా గట్టివి, బియ్యపు గింజంత పూలు. మా వైపు బీళ్లలో వెంపలి ఇలాగే మోకాలెత్తున ఊదా పూలు పూస్తుంది, మేకలు కూడా లెక్కచెయ్యవు. ఇక్కడ అదే కొండంతా కప్పితే ప్రపంచం డబ్బు పెట్టి చూడ్డానికొస్తోంది. గాలికి తేనె వాసన. అడుగు పెట్టగానే పొదలోంచి అడవికోడి ఒకటి తిట్టుకుంటూ లేచింది. ఇద్దరం కెవ్వుమన్నాం. అప్పుడు నవ్వుకున్నాం కూడా. ఆ రోజు కలిసి నవ్వింది అదే ఆఖరు.

కొండ పాదం దగ్గర రాతి గుడిసె ఒకటుంది. దాని గోడకు సైకిళ్లు చేర్చి, చిన్న వంతెన దాటి, నడక మొదలుపెట్టాం.

మలుపు దగ్గర

దారి నిట్టనిలువు. బుకిట్ తిమా మెట్లు నాకు ఏమిచ్చాయో అప్పుడు తెలిసింది. తొడలు తమ పని తాము చేసుకుపోతున్నాయి, ఊపిరి తన పని తాను. నేను వాటి మీద కూర్చుని ఊరేగుతున్నట్టుంది. చేతికందేంత ఎత్తులో మేఘం, దాని నీడ హెదర్ మీద పాకుతోంది. ఎప్పుడూ ఎవరో ఒకరి భోజనం, ఎవరో ఒకరి బడి, నా ఉద్యోగంలో ఎవరో ఒకరి ప్రోగ్రాములో తప్పులు వెతకడం. నాదంటూ ఒక పని ఇంత బాగా నేను చేసి ఎన్నాళ్లయింది? ఈ మాట అప్పుడు అనుకున్నాను. అందుకే ఆ తర్వాత జరిగింది అంత చేదుగా ఉంది.

మురళి మూడుచోట్ల కూర్చున్నాడు. ఖర్జూరాలు ఇచ్చాను, గ్లూకోజు నీళ్లు ఇచ్చాను. నాలుగోచోట బూట్లు విప్పేశాడు. గడియారం చూసి, "ముప్పావు వంతు వచ్చేశాం. చాల్లే" అన్నాడు.

"నెత్తి కనబడుతోంది కదండీ. అదిగో రాళ్ల కుప్ప."

"నా వల్ల కాదు వసూ. కాళ్లు వణుకుతున్నాయి."

ఆయన ముఖం పాలిపోయింది, నిజమే. గుండె దగ్గర నొప్పిగా ఉందా అని అడిగాను. లేదన్నాడు. ఉత్త అలసట. కోటు కప్పి, "మీరిక్కడే కూర్చోండి. నేను పోయి చూసొస్తా" అన్నాను.

"నన్ను ఒక్కణ్ణీ వదిలేసి పోతావా?"

అంతలో పైనుంచి ఒకామె దిగి వచ్చింది. రిటైరైన బడిపంతులమ్మ, పేరు ఐలీన్. వెంట నల్ల కుక్క. చేతిలో నున్నటి ఊతకర్ర. అక్కడి పద్ధతి ప్రకారం వాతావరణం గురించి రెండు మాటలన్నాక, మమ్మల్నిద్దరినీ చూసి విషయం గ్రహించింది.

"కష్టమైన భాగం అయిపోయింది. ఇక్కణ్ణుంచి అరగంట కూడా పట్టదు" అంది నాతో. "నేనూ కాసేపు కూర్చోవాలనుకుంటున్నా. మీ ఆయనకు తోడుంటాను. నువ్వు వెళ్లిరా."

నా సంచి భుజాన సర్దుకున్నాను కూడా.

మురళి లేచి నిలబడ్డాడు. "నో, నో. మీకు శ్రమ ఎందుకు? సమస్య నా భార్యది. ఆమెకు మోకాలి నొప్పి. అందుకే ఆగాం. ఇక దిగిపోతాం" అన్నాడు, స్పష్టమైన ఇంగ్లీషులో, చిరునవ్వుతో.

ఐలీన్ నా మోకాళ్ల వైపు చూసింది. నేను మురళి వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

ఒక్క మాట చాలు. 'నాకే నొప్పీ లేదు' అంటే అయిపోయేది. కానీ ఆ మాట అంటే ఆ పరాయి మనిషి ముందు ఆయన అబద్ధాలకోరు. బూట్లు విప్పేసుకుని, జుట్టు చెదిరి, అంత ఎత్తు మనిషి చిన్నగా నిలబడి ఉన్నాడు. వెంపలిచెట్లకు నిచ్చెనలు వేసే మనుషులు పుడతారని మా అవ్వ అంటుండేది. నాకు జాలేసింది. జాలి వల్ల నోరు మూసుకున్నాను. అది ప్రేమ అని ఆ క్షణం అనుకున్నాను.

ఐలీన్ తన కర్ర నా చేతిలో పెట్టింది. "దిగేటప్పుడే మోకాలు ఎక్కువ బాధపెడుతుంది. కింద గుడిసె గోడకు ఆనించి వెళ్లు, నేను తీసుకుంటాను."

ఆ కర్ర పట్టుకున్నాక కుంటకపోతే ఎలా? ఆమె, ఆమె కుక్క వెనక నుంచి చూస్తున్నారు. కుంటడం మొదలుపెట్టాను. మలుపు తిరిగి వాళ్లు కనబడకుండా పోయేదాకా, నెలల తరబడి మెట్లెక్కిన కాలిని ఈడ్చుకుంటూ దిగాను. మలుపు దాటాక మామూలుగా నడిచాను. గుడిసె దగ్గర కర్రను గోడకు ఆనించి, ఒకసారి పైకి చూశాను. మేఘం దిగింది. కొండ నెత్తి కనబడలేదు.

వేడినీళ్ల సంచి

తిరుగుదారంతా పల్లం. మురళి హుషారుగా తొక్కాడు. మోరాగ్ గుమ్మంలోనే అడిగింది, "ఎక్కారా?"

"కొద్దిలో తప్పింది" అన్నాడు మురళి. "వసు మోకాలు ఇబ్బంది పెట్టింది."

మోరాగ్ అయ్యో అంది. ఎవరూ అడగకుండానే నీళ్లు కాచి, రబ్బరు సంచిలో పోసి, తువ్వాలు చుట్టి తెచ్చింది. తనకూ మోకాళ్ల నొప్పులేనని, ఎలా కట్టుకోవాలో చూపిస్తూ తానే నా కాలికి కట్టింది. ఆ పెద్ద మనిషి వంగి నా పాదాల దగ్గర కూర్చుంటే సిగ్గుతో చచ్చిపోయాను. బాగున్న మోకాలు ఎర్రగా కందిపోయేదాకా ఆ సంచి మోశాను.

గదిలోకి వెళ్లాక మురళి అడిగాడు, "ఎలా ఉంది ఇప్పుడు?"

"ఏది?"

"మోకాలు."

హాస్యానికేమో అని చూశాను. కాదు. సాయంత్రానికల్లా ఆయన అది నమ్మేశాడు.

సెరంగూన్‌లో భోజనం

తిరిగొచ్చిన శనివారం నిఖిలను తీసుకురావడానికి పద్మ వాళ్ల కాండో ఫ్లాటుకి వెళ్లాం. పద్మ ఇంకో రెండు కుటుంబాలను కూడా పిలిచింది. గుత్తివంకాయ, పప్పుచారు, పిల్లలకు నూడుల్స్. మురళి ఫొటోలు తిప్పుతూ కథ మొదలుపెట్టాడు. పైన్ అడవి, అడవికోడి, హెదర్. బాగా చెబుతాడు. నేనూ విన్నాను.

"శిఖరం ఫొటో ఏదిరా?" అన్నాడు సుధాకర్.

"అదే చెబుతున్నా. ఇంకో అరగంటలో పైన ఉండేవాళ్లం. వసు మోకాలు పట్టేసింది. ఒక్కదాన్నీ వదిలేసి వెళ్లలేంగా. శిఖరం ఎక్కడికి పోతుంది, అని దించేశా."

మగవాళ్లు తలలూపారు. ఒకాయన, "అదిరా మనిషంటే" అన్నాడు. పద్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "మనకెందుకక్కా ఆ కొండలు? మావారైతే విసుక్కునేవారు. నువ్వు అదృష్టవంతురాలివి."

నిఖిల నూడుల్స్ ప్లేటు లోంచి తలెత్తి తన సింగపూర్ ఇంగ్లీషు అందుకుంది. "వేర్ గాట్ మోకాలు నొప్పి? అమ్మ ఎవ్రీ సండే బుకిట్ తిమా ఎక్కుతుంది వాట్. సో ఫాస్ట్ లా!"

"పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రాకూడదమ్మా" అన్నాడు మురళి, మెత్తగా.

చేతిలో గరిటె పక్కన పెట్టాను. "అది చెప్పిందే నిజం" అన్నాను. "నాకు ఏ నొప్పీ రాలేదు. ఆగింది ఈయన. కాళ్లు వణికి, బూట్లు విప్పేసి కూర్చున్నారు. నేను పోతానంటే పోనియ్యలేదు."

మురళి చేతిలో ఫొటో అలాగే ఆగింది. తర్వాత ఆయన గట్టిగా నవ్వాడు.

"చూశారా, శిఖరం చూడలేదన్న కోపం ఇంకా తగ్గలేదు ఆవిడకి."

అంతే. అందరూ నవ్వేశారు. సుధాకర్ బల్ల చరిచి మరీ నవ్వాడు. పద్మ నవ్వుతూనే, "అక్కకి పౌరుషం ఎక్కువ, రాయలసీమ కదా" అని ఇంకో వంకాయ వేసింది. నేను మళ్లీ చెప్పాను. రెండోసారి ఇంకా ఎక్కువ నవ్వారు.

టాక్సీలో నిఖిల ముందు సీట్లో నిద్రపోయింది. "అందరి ముందు అలా అన్నావేంటి?" అన్నాడు మురళి.

"నిజం కాదా?"

"నిజమేలే" అన్నాడు కిటికీ లోంచి చూస్తూ. "అయినా ఎవరూ నమ్మలేదుగా." ఆయన గొంతులో కోపం లేదు. ఊరట ఉంది.

తర్వాత

మురళి కథ విన్నాక ఆ భోజనానికొచ్చిన కుటుంబాలన్నిటికీ కొండల పిచ్చి పట్టింది. వచ్చే సెలవుల్లో మలేషియాలోని కినబాలు పర్వతానికి వెళ్లాలని నిర్ణయించారు. ఎక్కేవాళ్లెవరో, పిల్లలతో కింద హోటల్లో ఉండేవాళ్లెవరో పద్మ సర్దుతోంది. నన్ను అడక్కుండానే పిల్లలతో వేసింది. తెలిసి ఫోన్ చేశాను.

"పద్మా, నన్ను ఎక్కేవాళ్లలో వెయ్యి."

"తప్పకుండా అక్కా. మురళి గారిని ఒక్క మాట అడిగి వేస్తాను."

"నేను ఎక్కడానికి ఆయన్ని అడగడం ఎందుకు?"

"అదేంటక్కా" అంది పద్మ, ఎంతో ఆప్యాయంగా. "నీ మోకాలి సంగతి ఆయనకేగా తెలిసేది."